కోలారు గనుల లోతుల్లో మ్యూయాన్ల వేట.. హోమీ భాభా జీవిత కథ

చింతామణి, బాగేపల్లి పక్క పల్లెల్లో బోరు వేయించిన రైతుకు వెయ్యి అడుగుల లోతంటే ఏంటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పు తెచ్చిన డబ్బంతా అడుగడుక్కీ రాతి పొడిగా మారి పైకి లేస్తుంటే గుండె చేత్తో పట్టుకుని నిలబడతాడు. ఇంచుమించు అంత లోతులో, ఇదే కోలారు సీమ రాతి కింద, 1951లో ఒక పాతికేళ్ల యువకుడు వేరేదాని కోసం వెతికాడు. అతనికి కావాల్సింది నీళ్లు కాదు, బంగారం అంతకంటే కాదు. ఆకాశం నుంచి రాలి, అంత మందం రాతిని చీల్చుకుని దిగివచ్చే కంటికి కనపడని కణాలు. వాటి పేరు మ్యూయాన్లు. ఆ యువకుడు నంజనగూడుకు చెందిన బి.వి.శ్రీకంఠన్‌. అతన్ని గనిలోకి పంపిన పెద్దమనిషి హోమీ జహంగీర్‌ భాభా.

భాభా అనగానే అణు రియాక్టర్లు, ట్రాంబే, బాంబు కబుర్లు గుర్తొస్తాయి. నిజానికి ఆయన సైన్సు మొదలైంది అణుశక్తితో కాదు, విశ్వకిరణాలతో. ఆ కథలో ముఖ్యమైన భాగం మన పక్కనే బెంగళూరులో, కేజీఎఫ్‌లో నడిచింది. 2007 ఆగస్టులో చిక్కబళ్లాపురం వేరే జిల్లా అయ్యేదాకా చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు, కేజీఎఫ్‌ అన్నీ ఒకే కోలారు జిల్లా. కాబట్టి దీన్ని పరాయి కథ అనుకోవాల్సిన పనిలేదు.

తాతది మైసూరు కొలువు

భాభా 1909 అక్టోబర్‌ 30న బొంబాయిలో కలిగిన పార్సీ కుటుంబంలో పుట్టారు. పుట్టింది బొంబాయి అయినా ఆ ఇంటికి మైసూరు సంస్థానంతో పాత చుట్టరికం ఉంది. తాత హోర్ముస్‌జీ భాభా మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్‌ జనరల్‌. అంటే మన తాలూకాల బడులు కూడా అప్పట్లో ఆయన అజమాయిషీ కిందివే. తండ్రి జహంగీర్‌ బెంగళూరులో పెరిగి, ఇంగ్లండ్‌లో చదివి న్యాయవాది అయ్యారు. మేనత్త మెహెర్‌బాయి జంషెడ్జీ టాటా పెద్దకొడుకు దొరాబ్జీని పెళ్లాడింది. తాత పేరే మనవడికి పెట్టారు.

మేనత్త ఇంటి సంబంధం మామూలుది కాదు. పిల్లవాడు బాగా చదివి కేంబ్రిడ్జిలో మెకానికల్‌ ఇంజనీరింగు పూర్తిచేసుకొస్తే జంషెడ్‌పూర్‌ ఉక్కు కర్మాగారంలో పెద్ద కుర్చీ సిద్ధం. ఇంట్లో అందరి లెక్కా అదే. 1927లో కుర్రాడు ఓడెక్కాడు. అక్కడికి వెళ్లాక మనసు మారింది. క్వాంటం సిద్ధాంతం అప్పుడే పుట్టింది, డిరాక్‌ లాంటివాళ్లు కేంబ్రిడ్జిలోనే పాఠాలు చెబుతున్నారు. ఇంజనీరింగు తన వల్ల కాదని, భౌతికశాస్త్రమే చదువుతానని తండ్రికి ఉత్తరం రాశాడు. తండ్రి కాదనలేదు గానీ ఒక షరతు పెట్టారు. ముందు ఇంజనీరింగు ఫస్టు క్లాసులో పాసవ్వాలి, ఆ తర్వాత ఇష్టమైంది చదువుకోవచ్చు. 1930లో ఫస్టు క్లాసు వచ్చింది. 1932లో గణితంలో ఇంకో ఫస్టు క్లాసు. ఇక వెనక్కి చూడలేదు. జ్యూరిచ్‌లో పౌలి దగ్గర, రోమ్‌లో ఫెర్మీ దగ్గర, కోపెన్‌హాగన్‌లో నీల్స్‌ బోర్‌ దగ్గర పని నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో ఆయన ఎలక్ట్రాన్‌, పాజిట్రాన్‌ ఒకదానికొకటి తగిలి ఎలా చెదురుతాయో లెక్కగట్టారు. దాన్ని ఈనాటికీ భాభా స్కాటరింగ్‌ అంటారు. ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించే పెద్దపెద్ద యంత్రాల్లో ఎన్ని ఢీలు జరిగాయో లెక్క తేల్చుకోడానికి ఇప్పటికీ ఆ సూత్రమే కొలబద్ద.

వానలా కురిసే కణాలు

అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల సంగతి 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త హెస్‌ బెలూన్‌ ఎక్కి కనిపెట్టారు. అవి గాలిలోని అణువులకు తగిలి ఒక్కసారిగా బోలెడన్ని కణాలు పుట్టిస్తాయి. ఒక్క కణం వేలుగా, లక్షలుగా ఎలా మారుతుంది? 1937లో భాభా, జర్మనీ నుంచి వచ్చిన హైట్లర్‌ (హిట్లర్‌ కాదు, వాల్టర్‌ హైట్లర్‌) కలిసి లెక్క చెప్పారు. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్‌ ఒక కాంతికణాన్ని విసురుతుంది. ఆ కాంతికణం ఒక ఎలక్ట్రాన్‌, పాజిట్రాన్‌ జంటగా విరుగుతుంది. అవి మళ్లీ కాంతికణాల్ని విసురుతాయి. కొమ్మకు రెండు కొమ్మలు, వాటికి మళ్లీ కొమ్మలు. శక్తి అయిపోయేదాకా ఇదే వరస. దీన్నే కాస్కేడ్‌ సిద్ధాంతం అంటారు.

ఈ లెక్క వల్ల ఇంకో మేలు జరిగింది. కళ్లంలో గింజల్ని తూర్పారబడితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగులుతుంది కదా. అలా కాస్కేడ్‌ లెక్కకు సరిపోయే కణాల్ని పక్కకు తీసేస్తే, దానికి ఏమాత్రం లొంగని కణాలు కొన్ని మిగిలిపోయాయి. సీసం దిమ్మల్ని దాటుకుని వెళ్లిపోతున్నాయి. ఇవి ఎలక్ట్రాన్లు అయ్యుండవని, ఎలక్ట్రాన్‌ కంటే చాలా బరువైన కొత్త కణాలు అయ్యుండాలని భాభా తేల్చారు. సరిగ్గా అదే సమయంలో అమెరికాలో ఆండర్సన్‌, నెడర్‌మేయర్‌ తమ పరికరాల్లో ఆ కణం జాడ పట్టారు. ఎలక్ట్రాన్‌కు 207 రెట్లు బరువు. అదే ఇప్పుడు మ్యూయాన్‌ అని పిలుస్తున్న కణం.

ఈ మ్యూయాన్‌ ఆయుష్షు చాలా తక్కువ. పుట్టిన తర్వాత సగటున సెకనులో పది లక్షలవ వంతుకు రెండింతలు, కచ్చితంగా అంటే 2.2 మైక్రోసెకన్లు మాత్రమే బతుకుతుంది. ఆ తర్వాత విరిగిపోతుంది. కాంతివేగంతో పరిగెత్తినా ఆ కాసేపట్లో వెళ్లగలిగేది 660 మీటర్లే. చిక్కబళ్లాపురం ఊరి నుంచి చూస్తే నందికొండ ఎంత ఎత్తు కనిపిస్తుందో దాదాపు అంతే దూరం. కానీ మ్యూయాన్లు పుట్టేది 15 కిలోమీటర్ల పైన. మరి నేలదాకా ఎలా వస్తున్నాయి?

దీనికి జవాబు ఐన్‌స్టీన్‌ దగ్గర ఉంది. వేగంగా పోయే గడియారం మనకు నెమ్మదిగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మ్యూయాన్‌ ఆయుష్షే ఒక గడియారం. దాని లెక్కలో 2 మైక్రోసెకన్లే అయినా, నేలమీద నిలబడ్డ మన లెక్కలో అది పదులరెట్లు ఎక్కువ. ఈ కణం విరిగిపోయే తీరు చూసి ఐన్‌స్టీన్‌ మాట నిజమో కాదో తేల్చవచ్చని 1938లోనే భాభా నేచర్‌ పత్రికలో రాశారు. అమెరికాలో రోసీ, హాల్‌ 1941లో కొండ ఎగువన, దిగువన మ్యూయాన్లను లెక్కపెట్టి అది నిజమేనని తేల్చారు. ఈరోజు బాగేపల్లి నేషనల్‌ కాలేజీలో ఫిజిక్స్‌ చదివే పిల్లలకు సాపేక్షత పాఠంలో ఈ మ్యూయాన్‌ లెక్క తప్పదు. దాని మొదటి ఊహ ఎవరిదో పాఠ్యపుస్తకాలు తరచుగా చెప్పవు.

పేరు పెట్టిన కథ కూడా చెప్పుకోవాలి. కొత్త కణాన్ని అందరూ మీసోట్రాన్‌ అనేవారు. భాభాకు భాషల మీద మక్కువ. ఎలక్ట్రాన్‌లోని ట్రా అనే అక్షరం ఆ గ్రీకు మాటలోదే కాబట్టి దానికి చెల్లుతుంది, మధ్యస్థం అనే అర్థమున్న మీసో పక్కన దానికి చోటు లేదని, మీసాన్‌ అంటే చాలని 1939లో సూచించారు. లోకం ఒప్పుకుంది. అయితే తమాషా ఏంటంటే, ఆ పేరు పుట్టిన కణానికే ఆ పేరు నిలవలేదు. పరమాణు కేంద్రాన్ని కట్టి ఉంచే కణం ఒకటుంటుందని జపాన్‌ శాస్త్రవేత్త యుకావా చెప్పారు. అది ఇదేనని భాభాతో సహా దాదాపు అందరూ అనుకున్నారు. కాదని 1947లో తేలింది. యుకావా కణం పయాన్‌. అది విరిగితే వచ్చేది మ్యూయాన్‌. మీసాన్‌ అనే పేరు పయాన్‌కు, దాని బంధువులకు పోయింది. మ్యూయాన్‌ ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలాంటిదని ఖాయమైంది.

సెలవుకొచ్చి ఉండిపోయారు

1939లో భాభా సెలవుల్లో ఇంటికొచ్చారు. సెప్టెంబర్‌లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. యుద్ధం రాకపోతే ఆయన కేంబ్రిడ్జిలోనే ప్రొఫెసర్‌గా స్థిరపడి ఉండేవారేమో. 1940లో బెంగళూరు ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌లో, జనం నోట టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, రీడర్‌గా చేరారు. భౌతికశాస్త్ర విభాగానికి పెద్ద సి.వి.రామన్‌. దొరాబ్జీ టాటా ట్రస్టు డబ్బుతో భాభా కోసం విశ్వకిరణాల పరిశోధన విభాగం పెట్టారు. విక్రమ్‌ సారాభాయ్‌ కూడా అప్పుడు అక్కడే. తర్వాత ప్రపంచ ప్రఖ్యాత గణితవేత్త అయిన హరీశ్‌చంద్ర 1943లో వచ్చి భాభా దగ్గర చేరారు. ఒకే ఆవరణలో ఇంతమంది ఒకే కాలంలో ఉండటం మళ్లీ జరగలేదనే చెప్పాలి.

బెంగళూరుకు ఇంకో సౌకర్యం ఉంది. భూమి అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతానికి దగ్గరగా పోతుంది. విశ్వకిరణాల్లో బలహీనమైన వాటిని భూ అయస్కాంతం అక్కడ వెనక్కి నెట్టేస్తుంది. కాబట్టి ఇక్కడ కొలిస్తే వచ్చే అంకెకు, అమెరికాలో కొలిస్తే వచ్చే అంకెకు తేడా చూసి చాలా సంగతులు రాబట్టవచ్చు. ఆ కారణంగానే నోబెల్‌ గ్రహీత మిల్లికన్‌ బృందం 1939-40 చలికాలంలో భారతదేశానికి వచ్చి బెంగళూరు నుంచి కూడా బెలూన్లు ఎగరేసింది. భాభా బృందం యుద్ధకాలంలో విమానాల్లో పరికరాలు పెట్టి పంపి, పైకి వెళ్లేకొద్దీ మీసాన్లు ఎన్ని పెరుగుతున్నాయో కొలిచింది. 1945లో ఆ ఫలితాలు అమెరికా పత్రికలో వచ్చాయి. కాగితం, పెన్సిలు తప్ప ముట్టని సిద్ధాంతకర్తకు పరికరాలతో పని అలవాటైంది బెంగళూరులోనే.

1941లో 31 ఏళ్లకే రాయల్‌ సొసైటీ సభ్యత్వం వచ్చింది. ఆ ఏడాది నాగపూర్‌ సభలో రామన్‌ ఆయన్ను లియొనార్డో డావించీతో పోల్చారు. రామన్‌ నోట ఇంకొకరి పొగడ్త రావడం అరుదే. భాభా బొమ్మలు వేసేవారు, పాశ్చాత్య సంగీతం అంటే ప్రాణం, తోటపని మరో పిచ్చి. పెళ్లి చేసుకోలేదు. సైన్సును పెళ్లాడారని అనేవాళ్లు కానీ, సంగీతాన్నీ బొమ్మల్నీ కూడా అంతే సమానంగా చూసుకున్నారు.

అలహాబాద్‌, కలకత్తాల నుంచి ప్రొఫెసర్‌ పదవులు వచ్చినా వద్దన్నారు. మంచి పిల్లలు పైచదువులకు విదేశాలకు పోకుండా, ఇక్కడే ప్రపంచస్థాయి పరిశోధన జరగాలన్నది ఆయన ఆలోచన. 1944 మార్చి 12న టాటా ట్రస్టు అధ్యక్షుడు సర్‌ సొరాబ్‌ సక్లత్‌వాలాకు ఆ సంగతే ఉత్తరంలో పెట్టారు. హిరోషిమా మీద బాంబు పడటానికి ఏడాదికి పైగా ముందే, ఇంకొన్నేళ్లలో అణువిద్యుత్తు వస్తుందని, అప్పటికి నిపుణుల కోసం దేశం బయటికి చూడకూడదని అందులో రాశారు. 1945 జూన్‌ 1న టాటా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఫండమెంటల్‌ రీసెర్చ్‌ బెంగళూరులోనే పని మొదలెట్టింది. ఆ ఏడాది చివరికి బొంబాయికి మారి, పెడ్డర్‌ రోడ్డులో భాభా పుట్టిన ఇంట్లోనే కొన్ని గదుల్లో సర్దుకుంది. బెంగళూరుకు దక్కాల్సింది తప్పిపోయిందని ఇప్పుడు బాధపడి లాభం లేదు లెండి.

గని దిగిన సైన్సు

టీఐఎఫ్‌ఆర్‌ బొంబాయికి పోయినా భాభా కోలారును మరిచిపోలేదు. మ్యూయాన్లు ఎంత లోతు దాకా పోగలవో తెలిస్తే అవి పుట్టినప్పటి శక్తి ఎంతో తెలుస్తుంది. అది కొలవాలంటే లోతైన గుంత కావాలి. కేజీఎఫ్‌ ఛాంపియన్‌ రీఫ్‌ గని అప్పటికి ప్రపంచంలోనే బాగా లోతైన గనుల్లో ఒకటి, మూడు కిలోమీటర్లకు పైనే. పైగా చుట్టూ రాయి ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి లెక్క సులువు. గనుల్ని అప్పుడు నడుపుతున్నది జాన్‌ టేలర్‌ అండ్‌ సన్స్‌ అనే ఇంగ్లిష్‌ కంపెనీ.

శ్రీకంఠన్‌ 1948లో టీఐఎఫ్‌ఆర్‌లో చేరారు. భాభా ఆయనకు అప్పగించిన పని ఇదే. గైగర్‌ కౌంటర్లు కొనడానికి దొరికేవి కావు, చేతితో తయారు చేసుకున్నవే. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండూ ఒకేసారి మోగితే పైనుంచి ఒక మ్యూయాన్‌ దాటిందని లెక్క. వాటిని బంగారు ఖనిజం పైకి లాగే బోనులోనే కిందికి దించారు. నేలమీద అరచేతి మీదుగా నిమిషానికి వందకు అటూఇటూగా మ్యూయాన్లు దూసుకుపోతుంటాయి. వెయ్యి అడుగుల కింద అవి వేలల్లో ఒకటికి పడిపోతాయి. గంటల తరబడి కాచుకోవాలి. పైన వేడి, తేమ, దుమ్ము. కిందికి పోయేకొద్దీ రాయే కాలుతుంది, ఉన్నట్టుండి పేలుతుంది కూడా. గని కార్మికులు రోజూ బతికిన బతుకు అది. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే ఆ కార్మికుల లిఫ్టులు, పంపులు, గాలి గొట్టాలు లేకపోతే ఈ సైన్సు ఒక్క అడుగు కూడా కిందికి దిగేది కాదు. పరిశోధన పత్రాల్లో వాళ్ల పేర్లు ఉండవు, అది వేరే సంగతి.

1951 నుంచి మొదలైన ఈ కొలతలు ఏళ్లపాటు సాగాయి. 1960ల మొదట్లో జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మియాకే, టీఐఎఫ్‌ఆర్‌కు చెందిన వి.ఎస్‌.నరసింహం, పి.వి.రమణమూర్తి కలిసి దశలవారీగా లోతుకు దిగుతూ పోయారు. ప్రతి మజిలీలో మ్యూయాన్లు తగ్గుతూ వచ్చాయి. చివరికి దాదాపు 2,760 మీటర్ల లోతులో పరికరం పెట్టి రెండు నెలలు చూశారు. ఒక్కటంటే ఒక్క మ్యూయాన్‌ రాలేదు. సున్నా.

మామూలుగా అయితే అంత కష్టపడి సున్నా తెచ్చుకుంటే ఏడుపొస్తుంది. కానీ ఆ సున్నాయే బంగారమైంది. పైనుంచి వచ్చే మ్యూయాన్ల సందడి అక్కడ బొత్తిగా లేదని అర్థం. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో సూది పడినా వినపడుతుంది కదా. ఆ సూది పేరు న్యూట్రినో. విశ్వకిరణాలు గాలికి తగిలినప్పుడు న్యూట్రినోలూ పుడతాయి. అవి భూమిని ఇటునుంచి అటు దాటిపోగలవు, రాయీ రప్పా వాటికి లెక్కే కాదు. ఎప్పుడో ఒకటి మాత్రం రాతిలో ఢీకొని ఒక మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. పైనుంచి దిగే మ్యూయాన్లు నిలువుగా వస్తాయి. అడ్డంగా, పక్కనుంచి ఒక మ్యూయాన్‌ వచ్చిందంటే అది కిలోమీటర్ల కొద్దీ రాతిని దాటి వచ్చింది అయ్యుండదు. పక్కనే ఒక న్యూట్రినో పుట్టించిందే అయ్యుండాలి. చిక్కుముడి విప్పే తాళంచెవి మళ్లీ మ్యూయానే అన్నమాట.

భాభా మద్దతుతో టీఐఎఫ్‌ఆర్‌, ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్‌ విశ్వవిద్యాలయం మూడూ కలిసి 2,300 మీటర్ల లోతులో పెద్ద పరికరాలు పెట్టాయి. ఎం.జి.కె.మీనన్‌, శ్రీకంఠన్‌, మియాకే, వుల్ఫెన్‌డేల్‌ లాంటివాళ్లు ముందుండి నడిపారు. 1965లో అడ్డంగా వచ్చిన మ్యూయాన్లు దొరికాయి. గాలిలో పుట్టిన న్యూట్రినోను మనిషి పట్టుకోవడం అదే తొలిసారి. అప్పుడే దక్షిణాఫ్రికా బంగారు గనిలో అమెరికా శాస్త్రవేత్త రైనెస్‌ బృందం కూడా ఇదే వేటలో ఉంది. వాళ్ల పరికరంలో 1965 ఫిబ్రవరి 23నే కణం పడింది. కానీ అచ్చులో ముందు వచ్చింది కోలారు పత్రం, ఆగస్టు 15న. రైనెస్‌ పత్రం ఆగస్టు 30న. ఎవరు ముందు అన్న వాదన ఎలా ఉన్నా, రెండు బంగారు గనులూ సరిసమానంగా నిలిచాయి. రైనెస్‌కు 1995లో నోబెల్‌ వచ్చింది, అయితే అది అంతకుముందు రియాక్టర్‌ దగ్గర న్యూట్రినోను పట్టిన పనికి.

ట్రాంబే దారి

ఇంత జరుగుతున్నా భాభా అప్పటికి సొంతంగా లెక్కలు వేసే మనిషిగా మిగల్లేదు. 1948 ఆగస్టులో అణుశక్తి సంఘం ఏర్పడి దానికి అధ్యక్షుడయ్యారు. నెహ్రూతో నేరుగా మాట్లాడగల చనువు. 1954లో ట్రాంబే సంస్థ, అణుశక్తి శాఖ వచ్చాయి. 1955లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి అణుశక్తి సదస్సుకు ఆయనే అధ్యక్షుడు. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టర్‌ పనిచేయడం మొదలైంది. ఇంధనం ఇంగ్లండ్‌ ఇచ్చింది, మిగతాది చాలావరకు మనవాళ్లే కట్టారు. దాని నియంత్రణ ఎలక్ట్రానిక్స్‌ పని చూసినవారిలో పశ్చిమ గోదావరి మొగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు ముఖ్యులు. మనందరికీ తెలిసిన ఎ.ఎస్‌.రావు ఆయనే. విశ్వకిరణాల కోసం తయారు చేసుకున్న కౌంటర్ల విద్యే రియాక్టర్‌ పరికరాలకు, తర్వాత 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్‌కు పునాది అయింది.

మన జిల్లాకూ ఆ గాలి తగిలింది. ఎవరెక్కడ భూగర్భంలో అణు పరీక్ష చేసినా పసిగట్టే భూకంప పరికరాల వరసను ఇంగ్లండ్‌ సాయంతో 1965లో గౌరిబిదనూరు దగ్గర నెలకొల్పారు. పొలాల మధ్య ఎల్‌ అక్షరం ఆకారంలో పరికరాలు పాతారు. గట్టి రాయి, పెద్దగా రైళ్లూ ఫ్యాక్టరీలూ లేని నిశ్శబ్దం ఆ చోటును తెచ్చిపెట్టాయి. కేజీఎఫ్‌ అయినా, గౌరిబిదనూరు అయినా ఈ కరవు సీమలో సైన్సుకు పనికొచ్చింది రాయే.

భాభా చేసినవన్నీ ఒప్పులేనని చెప్పలేం. 1987 నాటికి దేశంలో అణువిద్యుత్తు 20 వేల మెగావాట్లు దాటుతుందని 1962లో అంచనా కట్టారు. ఆ ఏడు వచ్చేసరికి రెండు వేలు కూడా లేదు. అణుశక్తి శాఖ చుట్టూ చట్టంతో కట్టిన రహస్యపు గోడ కూడా ఆయన కాలానిదే. పార్లమెంటుకు, జనానికి లెక్క అప్పజెప్పని అలవాటు అక్కడినుంచే మొదలైందని విమర్శకులు అంటారు, అందులో నిజం లేకపోలేదు. విశ్వకిరణాల్లో ఒక్కో అంకెను పదిసార్లు సరిచూసుకున్న మనిషి మెగావాట్ల దగ్గర అంత ఉదారంగా ఎందుకు లెక్కవేశారో అంతుబట్టదు. ఇంకో వైపు చూస్తే, డబ్బు కరువైన దేశంలో తక్షణం ఫలితం రాని పరిశోధనకు ఏళ్ల తరబడి నిధులు తెచ్చిపెట్టింది కూడా ఆ పలుకుబడే. రెండు నెలలు కూర్చుని సున్నా లెక్కపెట్టే పనికి ఏ ఆడిటరు సంతకం పెడతాడు?

మంచు కొండ మీద

1966 జనవరి 11న తాష్కెంట్‌లో లాల్‌బహదూర్‌ శాస్త్రి కన్నుమూశారు. అది జరిగి రెండు వారాలు కాకముందే, జనవరి 24న భాభా వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి బయల్దేరారు. ఎయిరిండియా బోయింగ్‌ 707, పేరు కాంచనజంగ. జెనీవాలో దిగడానికి కిందికి వస్తూ మాంట్‌ బ్లాంక్‌ పర్వతాన్ని ఢీకొట్టింది. అందులోని 117 మందీ పోయారు. పైలట్‌ తాము కొండను దాటేశామనుకుని విమానాన్ని దించాడని విచారణలో తేలింది. కుట్ర అన్న పుకార్లు అప్పటినుంచీ షికార్లు చేస్తూనే ఉన్నాయి, రుజువు మాత్రం ఎవరూ చూపించలేదు. అదే రోజు ఢిల్లీలో ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేశారు. భాభాకు అప్పటికి 56 ఏళ్లు. కోలారు న్యూట్రినో పత్రం అచ్చై అయిదు నెలలే అయింది. మరుసటి ఏడు ట్రాంబే సంస్థకు ఆయన పేరు పెట్టారు.

కేజీఎఫ్‌లో పని ఆగలేదు. 1980ల్లో ప్రోటాన్‌ తనంతట తాను విరుగుతుందా అని చూసే ప్రయోగాలు ఆ గనుల్లోనే జరిగాయి. శ్రీకంఠన్‌ 1975 నుంచి 1987 దాకా టీఐఎఫ్‌ఆర్‌ డైరెక్టర్‌గా ఉండి, 2019లో బెంగళూరులో కన్నుమూశారు. 1990ల మొదట్లో ప్రయోగశాల మూతపడింది. 2001 ఫిబ్రవరి 28న గనులూ మూసేశారు. పంపులు ఆగాక లోతు మజిలీలు నీళ్లతో నిండాయి.

మ్యూయాన్‌ మీద పరిశోధన మాత్రం ఇంకా ముదిరింది. దాని అయస్కాంత గుణాన్ని అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌ కొలిచి, 2025 జూన్‌లో చివరి ఫలితం ప్రకటించింది. వంద కోట్లలో 127 పాళ్ల కచ్చితత్వం. సిద్ధాంతంతో తేడా ఉందని ఏళ్లపాటు గోల జరిగింది. కొత్త కంప్యూటర్‌ లెక్కలొచ్చాక ఆ తేడా దాదాపు కరిగిపోయింది. ఎక్స్‌రేలా రాతిని దాటే గుణం చూసి, ఈజిప్టులోని ఖుఫు పిరమిడ్‌ను మ్యూయాన్లతోనే తడిమి 2017లో లోపల పెద్ద ఖాళీ ఉందని కనిపెట్టారు. మనకు దగ్గర్లో ఊటీలో టీఐఎఫ్‌ఆర్‌, ఒసాకా వాళ్లదే గ్రేప్స్‌-3 ప్రయోగం నడుస్తోంది. 2014 డిసెంబర్‌ 1న అక్కడ ఉరుముల మబ్బు కమ్మినప్పుడు మ్యూయాన్ల సంఖ్య కాసేపు తగ్గింది. ఎంత తగ్గిందో చూసి ఆ మబ్బులో 130 కోట్ల వోల్టుల విద్యుత్‌ పీడనం ఉందని లెక్కగట్టారు. ఆ ఫలితం 2019లో అచ్చయింది.